పద్నాలుగో నంబర్ స్పానర్

ఎమ్మిగనూరు పొలంలోని షెడ్డు ముందు వరికోత మిషన్ రిపేరు ముగించి ఎక్కబోతున్న తండ్రి చేతిలోంచి, బెంగళూరు నుంచి సెలవుకొచ్చిన కూతురు తాళంచెవి లాక్కుంది. మబ్బు చూస్తే ఆయన కాలు నిలవడం లేదు.

“తాళం ఇయ్యమ్మా! వాన వస్తాండాది.”

“షెడ్డు గోడ మీద ఒక్కో స్పానర్‌కి బొమ్మ గీసి మేకు కొట్టింటి కదా నాయనా. పద్నాలుగో నంబర్ బొమ్మ మీద స్పానర్ లేదు. యాడ?”

“యాడనో పడింటాదిలే, బిడు!”

“మా ఫ్యాక్టరీలో ఒక్క స్పానర్ తక్కువొచ్చినా యుద్ధ హెలికాప్టర్‌ని ఎగరనియ్యం.”

“ఇది ఎగరదమ్మా, వరి కోస్తాది!”

“కోసేకి బ్లేడ్లు మిగలల్ల కదా.”

ఆమె వంగి, మిషన్ బ్లేడ్ల సందులోంచి స్పానర్ బయటికి తీసింది. ఆయన దాన్ని అందుకుని, చొక్కాకి తుడుస్తూ మొహం పక్కకు తిప్పుకున్నాడు.

“కోపమా నాయనా?”

“లేదులే. ఆ గోడ మీద ఇంకో బొమ్మ గీయి.”

“దేనికి?”

“నా కళ్లద్దాలకి. అవీ కనపడ్డంల్యా.”

“యాడ పెట్టినావు?”

“రిపేరు మొదులుపెట్టినప్పుడు ముక్కు మీదే ఉండె.”

ఆమె తాళంచెవి జేబులో వేసుకుని, నవ్వుకుంటూ ఈసారి మిషన్ కిందికి దూరింది.