తెరుచుకోని స్కాన్ రిపోర్టు

2020 జూన్. విమానాలు లేవు. స్టుట్‌గార్ట్‌లో అతను ల్యాప్‌టాప్ ముందు కూర్చుని, వరంగల్‌లో ఉన్న భార్యతో ఫోన్‌లో మాట్లాడుతున్నాడు. ఆమెకు అయిదో నెల.

“నువ్వు పంపిన స్కాన్ రిపోర్టు తెరుచుకుంటలేదు. నిజం చెప్పు, బిడ్డ మంచిగుందా?”

“పొద్దుగాల్నుంచి అదే చెప్తున్న కదా.”

“పోయినసారి గూడ గట్లనే అన్నవు. కడుపు పోయిందని నెలదాకా దాచినవు.”



“సరే, నన్ను నమ్మకు. ల్యాప్‌టాప్ల కమాండ్లు కొట్టే టెర్మినల్ తెరిచి, ‘ఫైల్’ అని ఇంగ్లీషుల కొట్టి, పక్కన రిపోర్టు పేరు పెట్టు. పేరేదున్నా లోపలేముందో చెప్తది.”

“పేరేమో పీడీఎఫ్. ఇదేమో ఎంపీ4 వీడియో అంటున్నది.”

“స్కాన్ సెంటరోళ్లు పేరు తప్పు పెట్టిన్రు. చివర ఎంపీ4 అని మార్చి తెరువు, ఇంజనీరు సారూ.”

తెరిచాడు. చిన్న గుండె గబగబా కొట్టుకోవడం గదంతా వినిపించింది.

“ఏమైంది? మాట్లాడవేంది?”

“ఆగు. ఇంకోసారి విననీ.”