బంగళా బావిలో సోమెలమ్మ

వలిసె చేలకవతల, కప్పు కూలిపోయిన కాఫీతోట బంగళా వెనకాల బావి ఉంది చూడండి, దానికేసి మన మేకలు కూడా మళ్ళవు. గడ్డి మోకాలెత్తున పెరిగుంటుంది, అయినా మళ్ళవు. మేకలకున్న ఆ పాటి తెలివి చలికాలంలో కింద నుంచి కార్లేసుకుని మన జాజిగుడ వచ్చే జనానికి ఉండదు. ఏటి చూడ్డానికొస్తారంటారూ? మంచు చూడ్డానికి! మనకి పొద్దుట పొయ్యి రాజుకోకుండా కట్టెలు తడిపేసే మంచుని, ఆళ్ళు కోతి టోపీలు పెట్టుకుని నోరు తెరుచుకుని చూస్తారు. పచ్చగా పూసిన వలిసె చేలో దూరి, రైతు చూస్తూండగానే మొక్కలు తొక్కి ఫొటోలు దిగుతారు. బొంగులో కోడి తిని, ఆ బొంగు గెడ్డ నీళ్ళలో విసిరేసి పోతారు. పోనీండి. మంటకి దగ్గరగా జరగండి, చెప్తాను.

ఆ బావి సోమెలమ్మది. బంగళాలో పెద్దమనుషులు షికారుకొచ్చి దిగే రోజుల్లో ఒక ఏడు వానల్లేవు, గెడ్డ ఎండిపోయింది, ఆ బావిలో మాత్రం నీళ్ళున్నాయి. బంగళా మేనేజరు దాని చుట్టూ కంచె కట్టించి తాళం వేసేడు. ఎందుకూ? అతిథులు జీపులు కడుక్కోవాలి కదా మరి! సోమెలమ్మ కూతురికి జ్వరం. మూడు రోజులు ఆ తల్లి కంచె పట్టుకుని, కనపడినోణ్ణల్లా ఒక్క చేద తోడి పొయ్యమని అడిగింది. ఒక్కడూ పొయ్యలేదు. నాలుగో రోజు పొద్దుట మంచులో తనే కంచె దాటి వెళ్ళి, అంచు మీద నాచుకి కాలు జారి పడిపోయింది. మధ్యాన్నానికి పిల్లా పోయింది. శవాన్నయితే పైకి తీసేరు గానీ, సోమెలమ్మని తియ్యలేకపోయేరు. నే చెప్పేది అర్థమవుతోందా?

ఇహ ఇన్నేళ్ళకి, మొన్న మొన్న, అనకాపల్లి నుంచి వైకుంఠరావని ఒక కంట్రాక్టరు పెళ్ళాన్ని తీసుకుని వచ్చేడు. ఆవిడ పేరు రత్నమాల. చిన్నప్పట్నుంచీ కొండలంటే ఆశట ఆ తల్లికి. పెళ్ళయిన ఇరవయ్యేళ్ళకి తీసుకొచ్చేడు మహానుభావుడు, తీసుకొచ్చి ఏటి చూడనిచ్చేడు? హోటల్లో నీళ్ళు వేడిగా లేవని ఆవిడ మీదే అరిచేడు. లోయ చూద్దామని ఆవిడ నిలబడితే, శాలువా ఇటియ్యి, ఫ్లాస్కులో టీ పొయ్యి, ఫొటో తియ్యి, పొట్ట కనపడకుండా మళ్ళీ తియ్యి. జీపు నడిపే మన బొంజుబాబుకి చూసి చూసి విసుగొచ్చింది.

మర్నాడు పొద్దుట ఎనిమిదయినా మంచు విడలేదు. వైకుంఠరావు బంగళా చూపించమన్నాడు, బావి చూసేడు, గబగబా అటు నడిచేడు. బొంజుబాబు అడ్డం పడి, వద్దు బాబూ, వెళ్ళినా అరవకండి, లోపల్నుంచి పిలిస్తే పలక్కండి అని మొత్తుకున్నాడు. వింటాడా? వంగి, "ఓయ్ వైకుంఠరావూ!" అని కేకేసేడు. బావి తిరిగి అదే అంది. పెళ్ళాం కేసి చూసి నవ్వి, మళ్ళీ కేకేసేడు. ఈసారి ఆడగొంతు పలికింది.

"వైకుంఠరావు బాబూ, ఒక్క చేద తోడి పొయ్యవా?"

ఎవరో ఆట పట్టిస్తన్నారనుకుని, "ఒక్కటేటే, వంద తోడతాను!" అన్నాడు.

అంతే. గిలక ఊడిపోయి ఎన్నేళ్ళయింది? తాడు పుచ్చి ఎన్నేళ్ళయింది? అయినా వాడి చేతిలోకి తడి తాడొచ్చింది. లాగేడు, నిండు చేద వచ్చింది, ఒంపేడు, నేల తడవలేదు. మళ్ళీ లాగేడు. వదిలేద్దామంటే వేళ్ళు విడలేదు. బొంజుబాబు నడుం పట్టుకు గుంజినా మనిషి కదల్లేదు. ఇరవయ్యో చేదకి అరచేతుల తోలు ఊడొచ్చింది. అప్పుడు కూడా వాడు, "చూస్తావేటే, వచ్చి పట్టుకో!" అని ఆవిడ్నే తిట్టేడు. తర్వాత ఏడిచేడు. నెత్తి మీదున్న మంచి టోపీ కూడా బావిలో పడింది.

రత్నమాల ముందు భయంతో బిగుసుకుపోయింది. తర్వాత, ఆవిడే మా ఇంటిదానితో చెప్పింది లెండి, కాసేపు ఊరికే నిలబడి చూసిందిట. మొగుడు చేద ముట్టుకోవడం చూడ్డం అదే మొదలు మరి! ఇలా వదిలేసి వెళ్ళిపోతే ఏటవుతుందీ అని కూడా అనుకుందిట. ఇంతలో తాడు మీద నెత్తురు కనపడింది, మనసు ఒప్పలేదు. బావి అంచున మోకాళ్ళ మీద కూచుని అడిగింది.

"ఎవరికమ్మా ఈ నీళ్ళు?"

ఇన్నేళ్ళలో ఆ మాట అడిగినోళ్ళు లేరు.

"పిల్లకి, తల్లీ. జ్వరం. నోరెండిపోతంది."

ఇల్లెక్కడని అడిగితే, బొంజుబాబు చేనవతల సోమెలమ్మ ఇంటికి మిగిలిన గడపరాయి చూపించేడు. రత్నమాల ఫ్లాస్కులో టీ పారబోసి, చేద కింద పట్టి నింపుకుని, మంచులో నడిచింది. పక్కన ఇంకెవరో నడుస్తున్నారు, తడి పాదాల చప్పుడు. ఆవిడ తల తిప్పలేదు. గడప దగ్గర నేల మీద నీళ్ళు పోస్తూంటే, పసిపిల్ల గటగటా మింగుతున్న చప్పుడు వినిపించింది. అక్కడే కూలబడి ఏడ్చింది రత్నమాల. ఇటు వాడి చేతిలో తాడు మాయమయింది.

జీపెక్కి మొదటి మలుపు దాకా వైకుంఠరావు చేతులు ఊదుకుంటూ కూచున్నాడు. రెండో మలుపులో, చలికి చేతులు పగిలేయన్నాడు. సంతకొచ్చేసరికి ఆ కథ పెరిగి, ఎలుగుబంటితో పోట్లాడి పెళ్ళాన్ని కాపాడేడు! టీ కొట్టు దగ్గర కూడా జీపులోనే కూచుని, ఏమే, టీ తెచ్చి పొయ్యి అన్నాడు.

"మీరే పోసుకోండి," అంది రత్నమాల, సంచీ తీసుకుని దిగిపోతూ. "మీరెళ్ళండి. నాకింకా చూడాల్సినవున్నాయి."

వాడు అరిచి అరిచి వెళ్ళిపోయేడు. ఆవిడ మా ఇంట్లో నాల్రోజులుంది. జలపాతం చూసింది, సంత చూసింది, గట్టు మీద నిలబడి పొద్దు పొడవడం చూసింది, ఎవరి చేనూ తొక్కలేదు. ఆ తర్వాతే బస్సెక్కింది.

పిల్ల దాహం తీరింది కదా, సోమెలమ్మ వెళ్ళిపోయి ఉంటుందంటారా? జ్వరమొచ్చిన పిల్లకి ఒక్కసారి తాగితే సరిపోతుందేటి? నిన్న కూడా గొంతు వినపడిందిట. అంచేత అటు పోకండి. ఇంట్లో ఆడాళ్ళకి ఏనాడైనా నీళ్ళు తోడిచ్చినోడెవడైనా ఉంటే వెళ్ళొచ్చు, అలాంటోడు మీలో నాకెవడూ కనపడ్డం లేదు.