కరెంటూ నీళ్లూ అద్దెలోనే

మార్కాపురంలోని ఆ అపార్ట్‌మెంటు పైఅంతస్తు నుంచి బయల్దేరిన నీళ్లు మెట్లన్నీ దిగి వీధి దాకా షికారు వెళ్లాయి. వాటికి ఎదురెక్కి వచ్చిన ఇంటి ఓనరు రంగనాయకమ్మకు, కూతురు ఫెబీతో అద్దెకుంటున్న మగ్దలీనమ్మ గుమ్మంలోనే దొరికింది, చేతిలో తడిగుడ్డతో.

"కరెంటూ నీళ్లూ అద్దెలోనే అన్నానని, వీధంతా కళ్లాపి చల్లమన్నానా?"

"తప్పే అక్కా."

"ట్యాంకు కడుగుతున్నారు, మధ్యాహ్నం దాకా నీళ్లు రావని చెప్పినా. చెప్పినానా లేదా?"

"చెప్పినారు."

"మరి కొళాయి తిప్పి పెట్టి ఎట్ల పోతివి?"

"తిప్పినా. పోయినా. తప్పే."

"యాడికి పోయినావు?"

"ప్రార్థనకు."

"ఇప్పుడేం ప్రార్థన? మీ చర్చికి తాళమేసి ఉంది, అటునుంచే వస్తి నేను."

"మెట్ల మీద కూర్చుంటి."

"ఎండలోనా?"

"ఆ. ఎండలోనే."

"బాగుంది! నింపిన ట్యాంకు నింపినట్టే పాయె. మళ్లీ ట్యాంకరు పిలవాల. కిందోళ్లు నన్ను పీక్కు తింటున్నారు."

"ఖాళీ చేస్తాం అక్కా."

"నేను ఖాళీ చేయమన్నానా?"

"అనండి. ఫెబీ రాగానే దాని మొహం మీదనే అనండి."

"ఏందమ్మా నీ తొందర! నన్ను చెప్పనీ. మాది దొనకొండ పక్కన పల్లె. నాకు తెలీదా? మన ఊళ్లల్లో నీళ్లు ఎప్పుడొస్తాయో ఎవడికి ఎరుక? కొళాయి తిప్పి, కింద బిందె పెట్టి, చప్పుడైతే ఉరుకుతాం. నేనూ కొత్తలో ఇట్లనే చేసినా, మా ఆయన మూడు రోజులు మాట్లాడలా. అలవాటు యాడికి పోతాది? పో, ఈసారికి వదిలేస్తున్నా."

"వదలొద్దక్కా."

"ఏందీ?"

"బిందె పెట్టలా."

"ఏం బిందె?"

"అలవాటుతో తిప్పింటే బిందె పెట్టేదాన్ని గదా. పెట్టలా. సింకు తూములో గుడ్డ కూడా కుక్కినా."

"కావాలనా?"

"కావాలనే. మా ఊరు కొనకనమిట్లలో బిందెడు నీళ్లకు జుట్టూ జుట్టూ పట్టుకున్నదాన్ని అక్కా. నీళ్లు అట్ల వృథాగా పోయేది చూడలేకనే బయటికి పోయినా."

"నీకేమన్నా పిచ్చా? నేనేం పాపం చేసినా నీకు?"

"మీరేం చేయలా. చల్లని ఇల్లు ఇచ్చినారు, అదే నా ప్రాణానికొచ్చింది. ఫెబీకి ఒంగోల్లో నర్సింగు సీటు వచ్చింది. చేరేదానికి శనివారమే ఆఖరు. పోనంటాది."

"ఎందుకంట?"

"నిన్నొక్కదాన్ని వదిలి యాడికి పోతానంటాది. ఆ మందుల షాపులో పొద్దస్తమానం నిలబడి, నిలబడి... దాని కాళ్లు చూసినారా మీరు? వాచిపోయినాయి."

"నువ్వు ఉండేదానికి దిక్కులేదా?"

"ఎందుకు లేదు? బేస్తవారిపేటలో నా చెల్లెలు రమ్మని పోరుతా ఉంది. మనకిల్లు ఉండగా ఒకరి పంచన ఎందుకమ్మా అంటాది ఇది. ఈ ఇల్లు ఉన్నన్నాళ్లూ అదే మాట."

"నోటితో గట్టిగా చెప్పొచ్చు గదా బిడ్డకు! ఇదేం ఘోరం!"

"చెప్పినా. తిట్టినా. అన్నం మానేసినా. అదిగో, మెట్లెక్కుతా ఉంది. నేను పొమ్మంటే పోదక్కా అది. మీరు మమ్మల్ని పొమ్మనండి."