ఆయమ్మ సంచి

హలో… ఆ, నేనే. మీ పెద్దమ్మనే. ఈ ఇంట్లో ఫోన్ ఎత్తడానికి ఇంకెవరున్నారు?

…ఏడవకు. ఏడుస్తూ చెబితే సగం మాటలు మింగేస్తావు. ముందు సూటిగా చెప్పు. అన్యాయం ఎవరికి జరిగింది? ఎలా జరిగింది?

…నీకా. సరే. ఏం పోయింది?

…స్టెతస్కోపా! నువ్వు నర్సువైన రోజు నేను కొనిచ్చినదేనా? గొట్టానికి ఆకుపచ్చ ఊలు చుట్టుకున్నావే, అదేనా?

…ఊఁ. పోతూనే ఉంటాయమ్మా. నేను ఆ ఆసుపత్రిలో నర్సుగా డ్యూటీ చేసినన్నాళ్లూ ఇదే గోల. కత్తెరలు పోయాయి, టార్చిలైటు పోయింది. పెన్నుల సంగతి చెప్పనే అక్కర్లేదు. రిటైరయ్యాక కూడా, గది దాటితే చాలు, నా చెయ్యి జేబు తడుముకుంటుంది. చీరకి జేబెక్కడుంది?

…ఎవరెవరిని అడిగావు?

…ఆయాలని. ఊడ్చేవాళ్లని. ఊఁ, ఇంకా?

…ఆగు. మళ్లీ చెప్పు. మేట్రన్ ఎవరి సంచి కుమ్మరించింది?

…వరండాలోనా? పేషెంట్ల చుట్టాలందరూ చూస్తుండగానా?

…ఏముంది సంచిలో?

…టిఫిన్ డబ్బా, మందుబిళ్లలు, మడత పెట్టిన చీర. అంతేనా? మరి ఇంకేం కావాలి?

…'ఈపాటికి దాటించేసి ఉంటుంది' అని ఎవరన్నారు? మేట్రనా, నువ్వా?

…నువ్వేమీ అనలేదు. పక్కన నిలబడ్డావు. ఊరుకోవడం కూడా ఒక మాటే, తల్లీ. అది ఆమెకి వినపడే ఉంటుంది.

…ఎవరా ఆయా? కొత్త మనిషా?

…ముసలావిడ. నడుముకి తాళాల గుత్తి. బట్టల గది చూస్తుంది…

…లేదు, ఉన్నాను. లైన్లోనే ఉన్నాను. కుర్చీ లాక్కుంటున్నా.

…తాళాల ఆయమ్మ ఇంకా అక్కడే పని చేస్తోందా?

…తెలుసు. నీకంటే బాగా తెలుసు. ఇప్పుడెక్కడుంది?

…మెట్ల మీద. మరి తాళాలో?

…లాగేసుకున్నారు. సాయంత్రంలోగా వస్తువు దొరక్కపోతే రేపటినుంచి రానక్కర్లేదన్నారు. బాగుంది. చాలా బాగుంది.

…నువ్వు నోరు మూసుకుని విను. నేను నీ వయసులో ఉండగా పెద్ద డాక్టరుగారి ఖరీదైన కత్తెర పోయింది. ఆ వరండాలోనే నా సంచి కుమ్మరించారు. కత్తెర ఎక్కడుందో వార్డులో చాలామందికి తెలుసు. ఒక్కరూ పెదవి విప్పలేదు. అప్పుడే పనిలో చేరిన ఒక ఆయా పిల్ల ముందుకొచ్చి, 'డాక్టరుగారి బల్ల సొరుగులో చూశానండీ' అంది.

…ఉంది. అక్కడే ఉంది. నన్నెవరూ క్షమించమనలేదు. ఆ పిల్లని మాత్రం ఎదురు మాట్లాడినందుకు బట్టలుతికే షెడ్డుకి పంపేశారు. ఆ ఆవిరిలో ఏళ్లకేళ్లు మగ్గింది.

…ఆ. ఆ పిల్లే.

…నీ రుణం ఎలా తీర్చుకోను అని అడిగితే ఏమందో తెలుసా? 'నా వంతు వచ్చినప్పుడు ఎవరో ఒకరు నోరు విప్పితే చాలు సిస్టరమ్మా' అంది.

…ఏడుపు తర్వాత. నాకు చెప్పు, స్టెతస్కోపు చివరిసారి ఎక్కడ వాడావు?

…కిటికీ పక్క మంచం. ఆయాసం ఎక్కువైన తాతగారు. పక్కనెవరున్నారు?

…కొత్తగా వచ్చిన డాక్టరబ్బాయి. నీవైపు చెయ్యి చాపాడా?

…గుర్తులేదా? గుర్తుండదు. వాళ్లు మన మొహం చూడకుండా చెయ్యి చాపుతారు, మనం వాళ్ల మొహం చూడకుండా అందులో పెట్టేస్తాం. అలవాటు చేతిది, బుర్ర దాకా రాదు. ఆ అబ్బాయినెవరైనా అడిగారా?

…'డాక్టర్ని ఎలా అడుగుతాం' అంటావా? ఆయాని ఎలా అడిగారు?

…సంచి కుమ్మరించమనడం లేదు. మర్యాదగానే అడుగు. ఫోన్ పెట్టెయ్యకు. జేబులో వేసుకుని వెళ్లు.

…

…

…ఆ, చెప్పు. క్యాంటీన్లోనా? మెడలోనే వేసుకుని తింటున్నాడా!

…ఆకుపచ్చ ఊలు ఉందా? చూశావా సరిగ్గా?

…ఏమన్నాడు? 'అరె, ఇది మీదా సిస్టర్, మీరే ఇచ్చారుగా' అని నవ్వాడా. నవ్వుతాడు. డాక్టరు మెడలో ఉంటే మతిమరుపు, ఆయా సంచిలో ఉంటే దొంగతనం.

…'దొరికిందిగా, ఇక వదిలెయ్' అంటావా? నీది నీకొచ్చింది. ఆమెది ఆమెకొచ్చిందా?

…గదిలోకి పిలిచి చెవిలో చెబితే చెల్లదు. సంచి ఎక్కడ కుమ్మరించారో అక్కడే చెప్పాలి. మేట్రన్‌ని పిలువు. చెయ్యి కడుక్కుని ఆ అబ్బాయినీ రమ్మను.

…భయమా? భయపడుతూనే చెప్పు. ఆ రోజు ఆ పిల్ల కూడా వణుకుతూనే చెప్పింది. నేను చూశాను.

…ఏం చెప్పాలంటే— 'స్టెతస్కోపు నేనే డాక్టరుగారి చేతికిచ్చి మరిచిపోయాను. ఆయమ్మ తియ్యలేదు. తప్పు నాది.' మాది అనకు, నాది అను. మేట్రన్ వంతు మేట్రన్ చూసుకుంటుంది. వాక్యం మధ్యలో ఆపకు. వెళ్లు.

…

…గట్టిగా, తల్లీ… ఇంకాస్త గట్టిగా… నా మాట నీకెక్కడ వినపడుతుందిలే, జేబులో ఉన్నాను.

…

…ఆ. ఇప్పుడు వినపడింది.

…

…చెప్పు, మేట్రన్ ఏమంది?

…'పొరపాటు జరిగింది' అందా. దానంతటదే జరిగిందా, గాలికి?

…ఓహో, నువ్వే అడిగావా ఆ మాట! అందరి ముందూ!… అప్పుడు క్షమించమంది. ఊఁ. డాక్టరబ్బాయో?

…అతనూ చెప్పాడు. నవ్వకుండా చెప్పాడా? సరే, పనికొస్తాడు.

…ఆయమ్మకివ్వు ఫోను.

…హలో… నేనేనమ్మా, సిస్టరమ్మని. ఏడుస్తున్నావా, నవ్వుతున్నావా? రెండూ ఒకలాగే వినిపిస్తున్నాయి నాకు.

…ఆ పిల్ల మా చెల్లెలి కూతురు. అవును, నా పోలికే. కోపం ముక్కు మీదుంటుంది, నోరే కాస్త ఆలస్యంగా తెరుచుకుంటుంది.

…నువ్వు షెడ్డుకి వెళ్తూ నాతో ఒక మాటన్నావు. గుర్తుందా?

…నీకు లేకపోతే లేకపోయింది. నేను మోస్తూనే ఉన్నాను.

…అలా కాదు. నోటితో చెప్పు, నేను వినాలి. తీరిందా?

…మొత్తమా?

…ఇక నేను నీకేమీ బాకీ లేనంటావా… ఊఁ. బరువు దిగింది తల్లీ.

…ఆ చప్పుడేమిటి?

…తాళాలా! మేట్రన్ తనే తెచ్చిచ్చిందా? కట్టుకో, నడుముకి గట్టిగా కట్టుకో.

…వద్దు, ఇంకేమీ మాట్లాడకు. అలా బట్టల గది దాకా నడువు. ఫోన్ చేతిలోనే ఉంచు, నేను వింటాను.

…

…

…తలుపు తీశావా… ఇక ఉంటానమ్మా.