గొర్రెలకు చదివిన పాఠం

బడి వదిలాక వరండాలో ఇంగ్లీషు టీచరూ, ఏడో తరగతి పిల్లా మిగిలారు.

“నిన్నటి పాఠం ఇంట్లో పైకి చదివి వినిపించమంటినే, వినిపించినావా?”

“వినిపించినా మేడం. గొర్రెలకు.”

“మీ అమ్మా, నాయనా?”

“వాన లేక చెనిక్కాయ పండలేదు. బెంగుళూరుకు పనికి పోయినారు. అవ్వకేమో చెవుడు.”

“గొర్రెలన్నా విన్నాయా?”

“యాడ మేడం. మేత మానుకొని ఒక్కటీ తలెత్తలేదు.”

టీచరు నవ్వబోయింది. ఈ ఊళ్ళోనే అద్దెకున్న తన గదికి పొద్దున వేసొచ్చిన తాళం గుర్తొచ్చి నవ్వు ఆగిపోయింది.

“రేపట్నుంచి సాయంత్రం నా రూముకొచ్చి చదువు. నేను వింటా.”

“మీ ఇంట్లోవాళ్ళు ఏమన్నా అంటారేమో?”

“అనేదానికి ఆడ ఎవరూ లేరులే.”

పిల్ల పుస్తకాల సంచి భుజానికి తగిలించుకుంది.

“తల్లి సచ్చిన గొర్రెపిల్ల ఒకటుండాది మేడం. తెచ్చిస్తా, మీకాడ పెట్టుకోండి. ఒంటిగా ఉంటే అది గూడా నిద్రపోదు.”