కంప్లయింటు చదవకముందే ఎక్కాలి

లిఫ్టుల సర్వీసు ఆఫీసులో నాలుగింటికి టీ వస్తుంది, టీ వెనకాలే పెద్ద మేస్త్రి కథ వస్తుంది. స్పేర్ పార్టుల గదిలో గ్రీజు డబ్బాలకీ బటన్ల అట్టపెట్టెలకీ మధ్య నాలుగు స్టూళ్ళు వేసి ఉంటాయి. ఆయన్ని ఎదురుగా అందరూ మేస్త్రీ అనే పిలుస్తారు గానీ, చాటున మాత్రం పైఅంతస్తు అంటారు. ఎందుకంటే ఆయన ఏ కథ చెప్పినా గ్రౌండ్ ఫ్లోర్లో బుద్ధిగానే మొదలవుతుంది, మధ్యలో ఎక్కడా ఆగదు, పోయి పోయి ఆ బిల్డింగుకి లేని అంతస్తులో తేలుతుంది.

ఆ సోమవారం ఐదో స్టూలు వెయ్యాల్సి వచ్చింది. ఆయన కూతురు వచ్చింది. ఆ అమ్మాయి ఇద్దరు స్నేహితులతో కలిసి రెండేళ్ళు కూర్చుని ఫోన్లో ఆడుకునే ఆట ఒకటి తయారుచేసింది. పన్నెండంతస్తుల బిల్డింగు, అందులో ఒక పాత లిఫ్టు, దాన్ని నడిపే మనిషి. ఆడేవాళ్ళే ఆ మనిషి. ఎక్కేవాళ్ళని ఎక్కించుకోవాలి, దిగేవాళ్ళని దించాలి, మధ్యలో వాళ్ళు చెప్పుకునే మాటలు వినాలి. ఆట శుక్రవారం విడుదలైంది, శుక్రవారమే మూడు రివ్యూలు వచ్చిపడ్డాయి. తొమ్మిదో అంతస్తు దగ్గర నలభై సెకన్లపాటు ఏమీ జరగని చోటు ఒకటుంది. మూడు రివ్యూలూ దాన్నే పట్టుకుని ఉతికి ఆరేశాయి.

ఆ నలభైని నాలుగు చేసేద్దాం అని స్నేహితులిద్దరూ పట్టుబట్టారు. మార్చిన ఆటని ఆ సాయంత్రం ఆరింటికల్లా పంపాలి. ఈమెకి మాత్రం ప్రాణం ఒప్పడం లేదు. ఆ నలభై సెకన్ల కోసమే మిగతా ఆటంతా తయారుచేసినట్టు ఉంటుంది ఆమెకి. అయినా తన మాట మీద తనకే నమ్మకం సడలిపోయింది, మూడు రివ్యూలు అంత పని చేశాయి. ఇంకొక్క మనిషి మాట విని అప్పుడు చెబుతానని వాళ్ళిద్దరినీ ఆపి, రెండు బస్సులు మారి ఇక్కడికొచ్చింది.

ఆ మనిషి నాన్న. ఆయన కోతల సంగతి ఆమెకి తెలియక కాదు. పుట్టినప్పటినుంచీ వింటోంది. కానీ పని దగ్గర ఆయన వేరే మనిషి. ఏ బిల్డింగుకి వెళ్ళినా ముందు కంప్లయింటు పుస్తకం తెరవడు, ఇంకొకర్ని తెరవనివ్వడు. కళ్ళు మూసుకుని ఒకసారి పైకీ కిందకీ తిరిగొచ్చాకే చదవాలి. మూడో అంతస్తులో కుదుపు అని ముందే చదివినవాడికి మూడో అంతస్తు రాగానే కుదిపినట్టే ఉంటుంది, అసలు కుదుపు ఐదులో ఉన్నా సరే, అంటాడు. అందుకే శుక్రవారం పొద్దున్న ఆమె ఆయన చేత మాట తీసుకుంది: రివ్యూలు ముట్టుకోకుండా ముందు ఆట ఆడాలి, ఆడి ఉన్నదున్నట్టు చెప్పాలి.

ఆమె చేసిన పొరపాటల్లా ఆ మాట నలుగురిలో అడగడమే. "ఆడావా నాన్నా?" అంది, మేస్త్రి గ్లాసు కింద పెట్టాడు, వైరింగాయన తన స్టూలు గోడకి జరుపుకుని వీపు ఆనించాడు, ఇక అయిపోయింది.

"ఆడానా అంటావేంటి తల్లీ, నన్ను నువ్వు అడగాల్సిన మాటేనా అది? శనివారం మధ్యాహ్నం అన్నం తిని అలా మంచం మీద ఒరిగి ఫోన్ తీశాను. రివ్యూలూ గివ్యూలూ మనకి పడవు, నా సంగతి తెలిసిందేగా. మన బావమరిది ఉన్నాడు చూడు, వాడికి రివ్యూ చదవందే ముద్ద దిగదు. ఏదో ఆటలో మూడో మెట్టు కష్టం అని రాశారట, అది చదవగానే వాడి బొటనవేలు పట్టేసింది. ఇంకా ఆట కొననేలేదయ్యా. ఇంకో ఆటలో పాటలు గుండె పిండేస్తాయని రాశారు. మూడు రోజులు ఏడ్చాడు. ఆట మొదలుపెట్టాడా అంటే పెట్టాడు, సౌండు తీసేసి ఆడాడు. సౌండు లేకుండానే ఏడ్చాడు. మా చెల్లెలు వచ్చి మొత్తుకుంది నా దగ్గర."

వ్యాన్ డ్రైవరు ఆ బావమరిదిని తాను ఎరుగుదునన్నాడు. ఆయన దగ్గర ఫోనే లేదు కదా అని కూడా అన్నాడు. మేస్త్రి ఆ మాట విననట్టే గ్లాసు అందుకుని ఒక గుక్క తాగాడు.

"నేను అలా కాదు. మొదటి ఐదంతస్తులూ పది నిమిషాల్లో లాగించేశాను. అది పెద్ద విషయం కాదులే, లిఫ్టు మనకి కొత్తా? ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఎక్కేవాళ్ళు పెరిగిపోయారు. ఎనిమిది మంది పట్టే లిఫ్టు. నేను నలభై మందిని ఎక్కించాను. ఎలా అంటే, మనిషిని మనిషి పక్కన పెట్టకూడదు, సందులో పెట్టాలి, అదొక పద్ధతి. ఒకాయన సోఫా తెచ్చాడు. సోఫా కూడా ఎక్కించాను, దాని మీద ముగ్గుర్ని కూర్చోబెట్టాను. దిగేటప్పుడు ఒక్కొక్కరూ నా వైపు తిరిగి, మేస్త్రిగారూ మీ చేతిలో లిఫ్టు పూలపల్లకీలా ఉందండీ అని చెప్పి మరీ వెళ్ళారు."

"ఆటలో మనుషులు నిన్ను మేస్త్రిగారూ అన్నారా?" అంది స్టోరు చూసుకునే ఆవిడ. ఆవిడ కళ్ళజోడు ముక్కు చివర పెట్టుకుని బోల్టులు సైజుల వారీగా వేరుచేస్తోంది.

"అన్నారు అక్కా. నా కూతురు తయారుచేసిన ఆట, నన్ను గుర్తుపట్టరా మరి?"

కూతురు నవ్వింది. నవ్వుతూనే గడియారం చూసింది. నాలుగూ ఇరవై. ఆయన్ని మధ్యలో ఆపితే మొదటికొస్తాడని తెలుసు కాబట్టి ఓపిక పట్టింది. ఈ పొట్టులోంచి ఒక్క గింజ దొరికితే చాలు అనుకుంది. తొమ్మిదో అంతస్తు దాకా రానీ, అక్కడ ఏమంటాడో అదే పట్టుకుని వెళ్ళిపోతాను.

మేస్త్రి ఏడో అంతస్తుకి వచ్చాడు. అక్కడికి వచ్చేసరికి ఫోన్ వేడెక్కి పట్టుకోలేకపోయాడట, తడిబట్ట చుట్టి ఆడాడట. అప్పటికి కిటికీ దగ్గర ఎదురింటివాళ్ళు, పక్కింటివాళ్ళు, కొరియర్ ఇవ్వడానికొచ్చినాయన, అందరూ గుమిగూడారట. ఇంతలో బయట గోల. ఏమిటా అని చూస్తే, ఆయనుండే బిల్డింగు లిఫ్టు ఉంది చూశారూ, నిజం లిఫ్టు, అది ఆయన బొటనవేలు ఎటు జరిగితే అటు పోవడం మొదలుపెట్టింది. పై ఇంటి రిటైరైన హెడ్మాస్టరు కూరలకని కిందకి బయల్దేరినాయన, మూడుసార్లు కిందకొచ్చి మూడుసార్లు పైకెళ్ళాడు.

"ఆయన దండం పెట్టాడు నాకు. బాబూ, నీ ఆట కాసేపు ఆపితే వంకాయలు తెచ్చుకుంటాను అన్నాడు. ఆపుతానా? పట్టు పడితే వదిలే రకమా నేను? అలాగే పన్నెండు దాటించాను, పదమూడు దాటించాను..."

"పన్నెండేగా ఉన్నవి?" అన్నాడు వైరింగాయన.

"నాకోసం తెరుచుకున్నాయయ్యా. పద్నాలుగో అంతస్తులో ఎవరూ లేరు. ఒట్టి గాలి. ఆ గాలికి మా ఇంట్లో క్యాలెండరు ఎగిరింది. సరే అని మళ్ళీ కిందకి దించుకొస్తుంటే అప్పుడొచ్చింది అసలు సంగతి, తొమ్మిదో అంతస్తు."

కూతురు ముందుకి వంగింది. చేతిలో టీ చల్లారిపోయింది, అది కూడా చూసుకోలేదు.

మేస్త్రి గొంతు కొంచెం మారింది. అక్కడిదాకా ఒళ్ళంతా ఊపుతూ చెప్పినవాడు నేల వైపు చూస్తూ చెప్పసాగాడు. తొమ్మిదో అంతస్తు దగ్గర కథనంలో వేగం లోపించిందన్నాడు. ఆడేవాడి సహనాన్ని పరీక్షిస్తుందన్నాడు. ఆమె ఉలిక్కిపడింది. వేగం బాగాలేదన్నందుకు కాదు. కథనం, లోపించడం, సహనాన్ని పరీక్షించడం, ఇవి నాన్న నోట్లో మాటలు కావు. ఆయనకి నచ్చకపోతే ఇదేంటమ్మా ఇది ఇలా ఈడుస్తోంది అంటాడు. ఈ మాటలు ఎక్కడివో ఆమెకి తెలుసు. మూడు రోజులుగా అవే ఆమె నిద్ర చెడగొడుతున్నాయి.

కానీ మేస్త్రి అప్పటికే తేరుకుని మళ్ళీ పైకి బయల్దేరాడు.

"అలా నత్తలా పోతుంటే టప్పుమని తాడు తెగింది! లిఫ్టు కిందకి. తొమ్మిది, ఎనిమిది, ఏడు... కొరియర్ ఆయన కళ్ళు మూసుకున్నాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఈ బొటనవేలు, ఇదిగో ఇదే, ఫోన్ అద్దం మీద అదిమిపెట్టాను. అద్దం ఇంత లోతు గుంట పడింది. లిఫ్టు అడుగు నా గోరుకి తగిలి ఆగింది, రెండో అంతస్తులో. లోపల నలభై మందీ సోఫాతో సహా క్షేమం. అప్పుడు ఆటే నన్నడిగింది, అయ్యా, ఇంకా ఆడతారా, నన్ను వదిలేస్తారా అని."

డ్రైవరు పగలబడి నవ్వాడు. స్టోరు ఆవిడ చేతిలో బోల్టు డబ్బాలో పడేసి తల ఊపింది. కూతురు నవ్వలేదు.

"నాన్నా, నా ఆటలో లిఫ్టు పడదు."

మేస్త్రి ఏదో అనబోయాడు.

"తాడు తెగదు. కరెంటు పోతుంది, అంతే. చీకట్లో నలభై సెకన్లు ఆగాలి, ఆగితే బయటినుంచి ఎవరో వచ్చి తలుపు తీస్తారు. ఆ రెండో రివ్యూ రాసినతను ఆగలేక మధ్యలో వదిలేసి, పడిపోయిందని ఊహించి రాసేశాడు. లోకంలో ఆ మాట రాసింది అతనొక్కడే." ఆమె అక్కడితో ఆపలేదు. "రెండో తరగతిలో నేను లిఫ్టు ఎక్కనని ఏడిస్తే, కాగితం మీద బొమ్మ వేసి మరీ చూపించావు. తాడు పోయినా లిఫ్టు కిందుండే ఇనప దవడలు పక్కనున్న పట్టాలని గట్టిగా కరిచి పట్టుకుంటాయి, లిఫ్టు పడదమ్మా అని. నీ కూతురు పడే లిఫ్టు తయారుచేస్తుందా?"

మేస్త్రి బొటనవేలు ఇంకా గాల్లోనే ఉంది. దాన్ని మెల్లగా దించి మోకాలి మీద పెట్టుకున్నాడు. వైరింగాయన గ్లాసులన్నీ ఏరి ట్రేలో పెట్టడం మొదలుపెట్టాడు, ఎవరూ అడక్కపోయినా.

"చదివాను," అన్నాడు మేస్త్రి చివరికి. ఆ గదిలో ఆయన అంత చిన్న మాట అనడం ఎవరూ వినలేదు. "శుక్రవారమే చదివాను. నిన్ను ఎవరేమన్నారో చూడకుండా ఉండలేకపోయాను తల్లీ. మూడూ చదివాను, కంఠతా వచ్చేదాకా చదివాను. తర్వాత నాలుగుసార్లు ఆట తెరిచాను. మొదటి బటన్ నొక్కుతుంటేనే ఆ రెండోవాడి మాటలు చెవిలో. నీ లిఫ్టుని వాడి కళ్ళతో చూస్తున్నాను. భయమేసింది. నాకు కూడా బాగోకపోతే ఎలాగని మూసేశాను."

ఆమెకి కోపం రావాలి. రాలేదు. ఆ నాలుగుసార్లు ఆయన ఫోన్ పట్టుకుని ఒక్కడే కూర్చోవడం కళ్ళకి కట్టింది.

"పోనీ ఇప్పుడాడు నాన్నా. ఇక్కడే. ఎలా ఉందో చెప్పు."

"లాభం లేదు." ఆయన తల అడ్డంగా ఊపాడు. ఈసారి గొంతులో మేస్త్రి ఉన్నాడు. "కంప్లయింటు చదివి ఎక్కాను నేను. నా మాట చెల్లదు. నేను బాగుందన్నా నీ మీద ప్రేమ అనుకుంటావు, బాగోలేదన్నా వాడి మాట అనుకుంటావు. చదవనివాళ్ళు ఎక్కాలి." అంటూ గది అంతా కలియజూసి, లేచి, తన ఫోన్ తీసి స్టోరు ఆవిడ ముందున్న బోల్టుల మధ్య పెట్టాడు. "అక్కా, నువ్వు ఏమైనా చదివావా దీని గురించి?"

"నేను సామాన్లు కావాలని వచ్చే ఇండెంట్లు తప్ప ఏవీ చదవను తమ్ముడూ. ఇలాంటి ఆటలు ఎప్పుడూ ఆడలేదు కూడా."

"అదే కావాలి. ఆడు. ఎవరూ మధ్యలో ఒక్క మాట చెప్పకూడదు. నేను కూడా."

ఆవిడ కళ్ళజోడు సర్దుకుని మొదలుపెట్టింది. నాలుగో అంతస్తువాళ్ళని ఆరులో దించింది. సామాన్లతో ఎక్కిన ముసలాయన్ని కాస్త లోపలికి జరగండి అని విసుక్కుంది. ఒక మొగుడూ పెళ్ళాం పోట్లాడుకుంటుంటే అంతస్తు దాటిపోయినా ఆపడం మరిచిపోయి విన్నది. నలభై నిమిషాలు పట్టింది ఆవిడకి తొమ్మిదో అంతస్తు చేరడానికి. పెద్ద మేస్త్రి ఆ నలభై నిమిషాలూ నోరు మెదపలేదు.

అప్పుడు ఆటలో కరెంటు పోయింది. ఫోన్ నల్లబడింది. ఐదు సెకన్లు, పది. ఆవిడ ఫోన్ అద్దం మీద ఒకసారి తట్టి చూసింది. ఇరవై. పాడైందేమో అని ఎవరి మొహమైనా చూస్తుందేమోనని కూతురు ఎదురుచూసింది, ఆవిడ తల ఎత్తలేదు. ముప్పై. ఆవిడ ఆ చీకట్లోకి ఇంకా వంగి, నెమ్మదిగా, లోపలున్న మనిషిలాగే అడిగింది.

"ఎవరైనా ఉన్నారా?"

ఎవరూ నవ్వలేదు. గోడకి ఆనుకుని నిలబడ్డ మేస్త్రి తాను పెట్టిన షరతు తానే మరిచిపోయాడు. మూసుకుపోయిన తలుపుల సందుల్లోంచి, లోపల ఇరుక్కున్నవాళ్ళకి ఇరవై ఆరేళ్ళుగా ఎంతమందికి చెప్పాడో, ఆ గొంతుతోనే జవాబిచ్చాడు.

"ఉన్నామమ్మా. కంగారు పడకండి. వస్తున్నాం."

ఫోన్లో సన్నగా ఒక వెలుగు గీత కనిపించింది, తలుపు సందు కొద్దికొద్దిగా పెరిగింది. స్టోరు ఆవిడ కళ్ళజోడు తీసి పమిటతో తుడుచుకుంది. కూతురు తన ఫోన్ అందుకుని స్నేహితులిద్దరికీ ఒకే మాట పంపింది: నలభై సెకన్లూ ఉంటాయి.