ఒంటిమీద పదకొండు స్వెట్టర్లు

ఏమిటే, మూడు రోజుల క్యాంపుకి రెండు పెట్టెలా? ఆ పెద్దదాంట్లో మన వీధి వీధంతా పడుతుంది, వాళ్ళనీ వెంటబెట్టుకుపో. మీ నాన్న క్యాంపుకెళ్తే చేతిలో చిన్న సంచైనా ఉండేది కాదు, తెలుసా? సరుకంతా ఒంటిమీదే. నవ్వకు, నిజం. నేను స్వెట్టర్లు అల్లడం, ఆయన ఊళ్ళు తిరిగి దుకాణాలకి చూపించి ఆర్డర్లు పట్టుకురావడం, అదీ మా వ్యాపారం. నేను సూదులు పట్టానంటే ఎదుటివాళ్ళకి చేతులు కనిపించేవి కావు. దారిన పోయే ఈగ వాలిందా, అదీ అల్లికలో కలిసిపోయేది. మీ నాన్నకేమో ఒక సిద్ధాంతం ఉండేది. "సంచిలోంచి తీసిన స్వెట్టరు తడిసిన పిల్లి, ఒంటిమీదున్న స్వెట్టరు పెళ్ళికొడుకు" అనేవాడు. అందుకని సైజులన్నీ ఒకదానిమీద ఒకటి తొడిగేసుకునేవాడు, లోపల చిన్నది, పైకొచ్చేకొద్దీ పెద్దవి. దుకాణంలో నిలబడి ఒక్కోటే విప్పి బల్లమీద పరిచేవాడు. పదకొండు. పోయినసారి తొమ్మిదన్నానా? అల్లింది నువ్వా, నేనా? పదకొండంటే పదకొండే. చేతులు కిందికి వాలేవి కావు పాపం, రైల్లో ఇద్దరి చోటు కావాల్సొచ్చేది. వాటిల్లో బడిపిల్లల సైజొకటి ఉండేది, ముప్పై అంగుళాలది, అది మాత్రం తల దూరినా భుజాల దగ్గర ఆగిపోయేది. దాన్ని ఏటా చంకలో పెట్టుకుని పోయేవాడు.

ఆ ఏడు చలి చూడాలి, అదీ చలంటే. పొయ్యిమీద పాలు ఒకపక్క పొంగుతుంటే ఇంకోపక్క గడ్డకట్టాయి. సరే, సగం గడ్డకట్టాయనుకో. నీకప్పుడు నాలుగేళ్ళు. ఓ ఆదివారం మీ నాన్న ఊళ్ళనించి వచ్చి, "ఈసారి నువ్వూ రావాలోయ్. పెద్ద దుకాణం ఆయన అల్లే మనిషిని చూస్తేగానీ ఆర్డరివ్వనంటున్నాడు" అన్నాడు. ఆ ఆర్డరొక్కటే మాకు ఏడాది తిండి. నాకింక భూమ్మీద కాలు ఆనలేదు. నా అల్లిక చూసి మహారాజులు కబురంపారనుకున్నా. నిన్ను మీ పెద్దమ్మకి అప్పజెప్పి బయల్దేరాను. దారి పొడుగునా ఒకటే పాఠం. ఇక్కడ దిగాలి, ఆ గడియారాల కొట్టు దగ్గర మలుపు తిరగాలి, మేనేజరు ఉత్తమాటలు చెప్తాడు, పెద్దాయనతోనే మాట్లాడాలి, ఇలా. "నాకెందుకయ్యా ఇవన్నీ, నీ తోక పట్టుకుని వస్తున్నాగా" అన్నాను. ఆయన మళ్ళీ గడియారాల కొట్టు దగ్గర్నించి మొదలెట్టాడు.

దుకాణం పెద్దాయన అచ్చం కుండలోంచి మాట్లాడినట్టు మాట్లాడేవాడు. "రండి రండి! ఏటికేడు లావెక్కుతున్నారే! ఇంట్లో బాగా మేపుతున్నారన్నమాట!" మీ నాన్న పైది విప్పాడు. రెండోది విప్పాడు. నాలుగోదానికి దుకాణంలో పనివాళ్ళంతా మూగారు. "ఇంకా ఉన్నాయా? చివరికి మనిషి దొరుకుతాడంటారా?" అన్నాడు పెద్దాయన. ఒకటే నవ్వులు. అందరికంటే గట్టిగా నవ్వింది నేనే, పొట్ట పట్టుకుని మరీ నవ్వాను. ఏడోది విప్పాడు. ఎనిమిది. ఎందుకో నవ్వులు సన్నబడ్డాయి. పదోది ఇంకా మెడలో ఉండగా, పెద్దాయన మామూలుగా అడిగాడు, "మరి బడిపిల్లలది తేలేదా?" నేను మీ నాన్న చంకవైపు చూశాను. లేదు. "ఉందండీ" అని ఆయన ఆ పదోది తలమీంచి లాగేశాడు.

ఇదిగో, ఇక్కడ నేను ఒక్క అంగుళం కూడా పెంచి చెప్పను. ముప్పై అంగుళాలది ఆయన ఒంటిమీద ఉంది. చేతులు మోచేతుల దాకా వచ్చి ఆగిపోయాయి. ఛాతీ దగ్గర మాత్రం వేలాడుతోంది, నా పిడికిలి దూరేంత వదులు. నేనే అల్లానే దాన్ని, ఎన్ని కుట్లో తెలుసు నాకు. ఊళ్ళో ఎవరు ఎదురొచ్చినా కంటితోనే కొలత చెప్పేసేదాన్ని, నా మొగుడిది నాకు తెలియలేదు. సీజనంతా ఊళ్ళు పట్టుకు తిరగడమేగా, వారానికోసారి ఇంటికొచ్చేవాడు, మెడకి మఫ్లరు, ఒంటిమీద నాలుగు పొరలు. "చలే బాబూ" అనేవాడు. నేనూ తలెత్తకుండా "అవును, చలే" అనేదాన్ని. కుట్లు లెక్కపెట్టుకుంటూ ఉండేదాన్ని కదా.

"ఇదేంటయ్యా" అన్నాను, నాకే వినపడలేదు. ఆయన మెల్లిగా, "ఉష్, ముందు ఆర్డరు రాయనీ" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఎవరిమీద చూపించను? పెద్దాయన మీద పడ్డాను. "నన్ను చూడందే ఆర్డరివ్వనని మీరు మొండికేయబట్టేగా, ఇంత చలిలో, ఇలాంటి ఒంటితో ఈ మనిషి..." అన్నాను. ఆయన తెల్లబోయాడు. "నేనా? నేనెప్పుడన్నానమ్మా? మీరు వస్తున్నారనే నాకు తెలీదే!"

నేను మీ నాన్నవైపు తిరిగాను. ఆయన ఆ పొట్టి చేతులు కిందికి లాక్కుంటున్నాడు. "డాక్టరు వేసవిదాకా అన్నాడు" అన్నాడు, బస్సు ఎన్నింటికో చెప్పినట్టు. అని, పెద్దాయనతో, "అల్లేది ఈవిడేనండీ. వచ్చే ఏటినించి ఈవిడే వస్తుంది. ఆర్డరు ఈవిడ పేరుమీదే రాయండి" అన్నాడు.

పెద్దాయన కళ్ళద్దాలు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు. పుస్తకం తెరిచి, కలం పట్టుకుని, "నీ పేరేంటమ్మా?" అన్నాడు. అప్పటిదాకా బయట నన్నెవరు ఏమడిగినా మీ నాన్నే చెప్పేవాడు. అలవాటుకొద్దీ ఆయనకేసే చూశాను. ఆయన గోడవైపు చూస్తూ నిలబడ్డాడు.

చెప్పాను. పెద్దాయనకి వినపడలేదు. మళ్ళీ చెప్పాను.